రెండు డిస్కులకు ఒకే పేరు

కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు తప్పు చేయడం పెద్ద విషయం కాదు. తప్పు చేశామని తెలిశాక, ఎవరూ చూడకముందే సర్దేద్దామని ఇంకో తప్పు చేస్తారు చూడండి, కొంప మునిగేది అక్కడే. నేను ఉద్యోగం చేసిన ఇరవై తొమ్మిదేళ్లలో మొదటి రకం తప్పులు లెక్కలేనన్ని చేశాను. రెండో రకం తప్పుకు వెంట్రుకవాసి దూరం దాకా వెళ్లి ఆగిన రోజు మాత్రం ఒకటే ఉంది. మా తమ్ముడి కూతురు ఈమధ్య సర్వర్లు చూసే ఉద్యోగంలో చేరింది. "అత్తా, మీ రోజుల్లో డేటా పోతే ఏం చేసేవారు?" అని అడిగింది. "ఏడ్చేవాళ్లం" అన్నాను. నవ్వింది. నేను నిజమే చెప్పాను. ఆ పిల్లకీ, ఆ పిల్లలాంటి మీకూ ఆ సంగతి రాసి పెడుతున్నాను.

నేను పలాసలో ఒక ధర్మాసుపత్రిలో రికార్డుల గుమస్తాని. మా నాన్నగారు టెక్కలిలో అర్చకులు. అర్చకుడి కూతురికి ఆసుపత్రి ఉద్యోగమేమిటని బంధువులు మొదట్లో మూతులు విరిచారు. జీతం తెచ్చి ఇంట్లో పెట్టాక మూతులు సరిగ్గా వచ్చేశాయి. మా దగ్గరకు ఎక్కువగా వచ్చేది ఉద్దానం ఊళ్ల నుంచి, కిడ్నీ జబ్బుతో. ఆ జబ్బు అక్కడే ఎందుకు అంతమందికి వస్తోందో అప్పటికి ఎవరికీ తెలియదు. మేం చేయగలిగిందల్లా నెలనెలా రక్తం తీసి, క్రియాటినిన్ అనే ఒక అంకె చూడటం. ఆ అంకె పెరుగుతోందంటే కిడ్నీ పని తగ్గుతోందని అర్థం.

ఆసుపత్రికి టెక్కలిలో ఒక చిన్న శాఖ ఉండేది. వారానికొకసారి, బుధవారం మాత్రం తెరిచేవాళ్లం. నేనూ, ల్యాబ్ టెక్నీషియనూ పొద్దున్నే పలాసలో బస్సెక్కి వెళ్లేవాళ్లం. అతను తీరంలో వేటకు వెళ్లే కుటుంబంలోంచి వచ్చినవాడు. నాకంటే అయిదారేళ్లు చిన్న. నన్ను "అప్పా" అని పిలిచేవాడు, అంటే అక్కా అని. రక్తం గొట్టాలు నా బల్ల మీద పెట్టొద్దని నేను అరిచినప్పుడల్లా, "పంతులుగోరి ఇంట్లో పుట్టి ఇక్కడికెందుకొచ్చినావప్పా, గుళ్లో గంట కొట్టుకోనేకపోనావా" అనేవాడు. నాకు అప్పట్లో ముక్కు మీద కోపం. ఇప్పుడూ పోలేదు, ముక్కు మీంచి కాస్త కిందికి దిగిందంతే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు వాడిన పాత మిషన్లో వైరస్లు చేరి, మా పెద్ద డాక్టరుగారు విసిగిపోయి, అవి అంతగా అంటని లినక్సు అనే వేరే వ్యవస్థ పెట్టించారు. విశాఖపట్నం నుంచి ఒక ఇంజనీరు వచ్చి పలాసలో ఒకటి, టెక్కలిలో ఒకటి బిగించాడు. నాకు నాలుగు రోజులు పాఠం చెప్పాడు. నేను వంద పేజీల నోటుబుక్కు నిండా రాసుకున్నాను. ఆ నోటుబుక్కే నా వేదం అనుకున్నాను. అందులో ఒక అబద్ధం నా చేతిరాతలోనే ఉందని తర్వాత తెలిసింది.

రెండు మిషన్లలోనూ రోగుల వివరాలకు విడిగా ఒక డిస్కు పెట్టాడు. ఆ డిస్కు మొదట్లో మిషను చిత్తుపనికి ఒక చిన్న ముక్క, తర్వాత రోగుల వివరాలకు పెద్ద ముక్క. ఇలా ముక్కలు చేయడాన్నే పార్టిషన్ అంటారు. పలాసలో పెద్ద ముక్క తయారయ్యాక అడిగాడు.

"మేడమ్, దీనికి లేబుల్ ఏం పెట్టమంటారు?"

"రోగులు అని పెట్టండి" అన్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే కొట్టాడు. మర్నాడు టెక్కలిలోనూ అదే ప్రశ్న అడిగాడు.

"ఇక్కడా అదే పెట్టండి. ఇక్కడున్నదీ రోగులే కదా!"

"రెండింటికీ ఒకటే పేరా?"

"ఇది టెక్కలిలో ఉంటుంది, అది పలాసలో ఉంటుంది. రెండూ ఎక్కడ కలుస్తాయండీ? నాకు గుర్తుండటానికి కూడా సుఖం."

ఆయన భుజాలు ఎగరేసి పెట్టేశాడు. ఆయన్ని అనాల్సిన పని లేదు. తాతగారి పేరు మనవడికి పెట్టుకునే ఇంట్లో పుట్టినదాన్ని నేను. మా తాతగారికి నలుగురు కొడుకులు, నలుగురూ తమ పెద్ద కొడుకుకు తాతగారి పేరే పెట్టారు. ఒకణ్ణి టెక్కలివాడు అనేవాళ్లం, ఒకణ్ణి నిమ్మాడవాడు, ఒకణ్ణి పెద్దాడు, ఒకణ్ణి నల్లాడు. ఎవరి ఇంట్లో వాళ్లున్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. పెళ్లిళ్లలో అందరూ ఒకచోట చేరినప్పుడు, పేరు పెట్టి పిలిస్తే నలుగురూ తిరిగి చూసేవాళ్లు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా డిస్కుకు వర్తిస్తుందని తోచలేదు.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. కంప్యూటరు వచ్చిన కొన్నాళ్లకు, టెక్కలిలో రాసే పెద్ద రిజిస్టరు మానేద్దామని పెద్ద డాక్టరుగారికి చెప్పాను. ఒకే అంకె రెండుచోట్ల రాయడం దండగ అన్నాను. ఆయనకూ సబబుగానే అనిపించింది. టెక్నీషియను ఒక్కడే ఒప్పుకోలేదు.

"పుస్తకం ఉండనీయప్పా. నీకేటి బరువు?"

"రాసేది నేను. బరువు నాకు తెలుస్తుంది" అన్నాను.

వారం వారం ఫ్లాపీల్లోకి నకలు తీయమని ఇంజనీరు చెప్పాడు. తీశాను కూడా, మొదట్లో. నౌపడ ఉప్పుమళ్ల మీంచి వచ్చే గాలికి మా దగ్గర ఇనుప బీరువాలే నిలవవు, ఫ్లాపీలేం నిలుస్తాయి? బూజు పట్టాయి. కొత్తవి తెప్పించాలని ఒకసారి అడిగాను, రెండోసారి అడగలేదు. అడగకపోవడం నా బద్ధకమే.

రెండేళ్లు గడిచాయి. ఒక మంగళవారం టెక్కలిలో పిడుగుల వాన పడింది. మర్నాడు మేం వెళ్లి స్విచ్చి వేస్తే మిషను పలకలేదు. మూత తీస్తే కాలిన వాసన. డిస్కు మాత్రం బాగానే ఉందనిపించింది. టెక్నీషియను స్క్రూడ్రైవరు పట్టుకొస్తే, దాన్ని ఊడదీసి తువ్వాల్లో చుట్టి, నా కేరియరు సంచిలో పెట్టుకుని పలాస తెచ్చాను. తీరుబడిగా పలాస మిషనుకు తగిలించి చూద్దాంలే అనుకున్నాను.

ఆ తీరుబడి సోమవారం నాడు ఒక మనిషి రూపంలో వచ్చింది. ఆమె తీరం ఊళ్ల నుంచి టెక్కలి సంతకు గంపతో చేపలు తెచ్చి అమ్ముకునే మనిషి. నలభై ఏళ్లుంటాయి. రెండేళ్లుగా ప్రతి నెలా ఒక బుధవారం, సంత ముగించుకుని, ఖాళీ గంప మా గుమ్మం బయట పెట్టి, రక్తం ఇచ్చి వెళ్లేది. ఆ రోజు పలాసకే వచ్చింది.

"అమ్మా, గురువారం నాడు ఇసాపట్నం పెద్దాసుపత్రికి రమ్మన్నారు. రెండేళ్ల నుంచి నా రక్తంలో ఏటేటి ఉన్నాదో వరసగా రాయించి తెమ్మన్నారు. ఆ కాగితం నేకుండా ఎల్తే మల్లా మూడు నెల్లకి గానీ సూడరట."

"నీ కార్డేదమ్మా? ప్రతిసారీ కార్డు మీద వేసిస్తున్నాం కదా."

బొడ్లోంచి తీసి ఇచ్చింది. మడతలన్నీ అంటుకుపోయి ఉన్నాయి. విప్పితే లోపల నీలం మరక తప్ప అక్షరం లేదు.

"గంప నీరు తగిలీసినాది. నా తప్పే" అంది.

"నీ తప్పేం కాదు. అంతా కంప్యూటర్లో ఉంది. సాయంత్రానికల్లా ఇచ్చేస్తాను, కూర్చో" అన్నాను. ఆ మాట ఎంత దర్జాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

పెద్ద డాక్టరుగారు ఆమె కాళ్ల వాపు నొక్కి చూశారు. లోపలికొచ్చి నాతో, "మూడు నెలలు ఆగే పరిస్థితి కాదు. ఆ కాగితం ఎలాగైనా ఇవ్వండి" అన్నారు.

టెక్కలి డిస్కును పలాస మిషనుకు రెండో డిస్కుగా తగిలించి స్విచ్చి వేశాను. ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. లినక్సులో డిస్కు పెట్టెలో ఉన్నంత మాత్రాన కనబడదు. ఏ ముక్కను ఏ చోట తెరవాలో ఒక జాబితాలో రాసి ఉంటుంది. మా ఇంజనీరు ఆ జాబితాలో డిస్కు నంబరు రాయకుండా లేబులు రాశాడు. "రోగులు అనే ముక్కను ఇక్కడ తెరువు" అని. ఇప్పుడు మిషను చూసింది, రోగులు ఇద్దరున్నారు. ఏది తెరవమంటావో చెప్పు, ఈ పేరు ఇక్కడా ఉంది అక్కడా ఉంది అని తెర మీద ఒక లైను వేసి, రెండూ తెరవకుండా కూర్చుంది. ఆలోచిస్తే దానికున్న తెలివి ఆ రోజు నాకు లేదు.

పలాస రోగుల వివరాలు కూడా తెరుచుకోవడం లేదు. బయట వరసలో జనం. చీటీల కుర్రవాడు రెండుసార్లు తొంగి చూశాడు. నేను నోటుబుక్కు తీశాను. "పార్టిషన్ టేబుల్: డిస్కు మొదట్లో ఉంటుంది. ముక్కల పేర్లు, కొలతలు అందులో ఉంటాయి" అని రాసుకుని ఉన్నాను. కొలతలు నిజమే. పేర్లు అన్నది నా సొంత పైత్యం. ఇంజనీరు చెబుతుంటే ఎక్కడో పరాకు పడి కలిపేసుకున్నాను. పేరు ఆ పట్టికలో ఉంటే, పట్టికలోంచి కొట్టేసి, కొత్తగా రాసి, కొత్త పేరు పెడితే సరి అనుకున్నాను. టెక్కలి డిస్కు మీద ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రాము తెరిచాను. రెండు లైన్లు కనిపించాయి. రెండూ కొట్టేశాను. డిస్కంతటికీ కలిపి ఒకటే ముక్క చేశాను. రాసెయ్యమని డబ్ల్యూ నొక్కాను.

మిషను ఆపి వేస్తే గొడవ లేకుండా లేచింది. పలాస వివరాలు తెరుచుకున్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయి టీ తాగాను. పది నిమిషాల పాటు ఆ ఆసుపత్రిలో నాకంటే గొప్పది ఎవరూ లేరు.

తర్వాత టెక్కలి ముక్కను తెరవబోతే, ఇందులో నాకు తెలిసిన ఫైల్‌సిస్టమ్, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఏర్పాటు, ఏదీ లేదంది. నోటుబుక్కు తిరగేశాను. కొత్త ముక్క చేసిన తర్వాత ఫార్మాట్ చేయాలి, అంటే ఫైళ్లు పెట్టుకోవడానికి సిద్ధం చేయాలి అని ఉంది. అది ఉన్నవి తుడిచేసి సిద్ధం చేస్తుందని మాత్రం అందులో లేదు. ఆ కమాండు కొట్టాను. ఎంటర్ ఒక్కటే మిగిలింది. అప్పుడే టెక్నీషియను ప్రింటరు కాగితాల కోసం లోపలికొచ్చి, తెర వంక, నా మొహం వంక చూశాడు.

"ఏటి సేత్తన్నావప్పా?"

చెప్పాను.

"మరి లోపలున్నవి?"

"ఏమో. కనపడటం లేదు. మళ్లీ మొదట్నించీ చేస్తే కనపడతాయేమో."

"ఆగప్పా, సెయ్యి తియ్యి. రీడింగు తేడాగా వొచ్చిందనీసి మేం శాంపిలు పారబోసీత్తామేటి? గొట్టం సాయంకాలం దాకా అలగే ఉంచుతాం. తెలిసినోడు వొచ్చి సూసినాకే కడుగుతాం. ఇదీ అలగే ఉంచు."

"నీకు కంప్యూటరేం తెలుసు?" అని కసిరాను. కసురుతూనే చెయ్యి తీశాను. పోయింది అన్న సంగతి అప్పుడు ఎక్కింది నాకు. రిజిస్టరు లేదు, ఫ్లాపీలు లేవు, ఆమె కార్డు లేదు. వెనక వరండాలోకి వెళ్లి ఏడ్చాను. పక్క సందులో జీడిపిక్కలు కాలుస్తారు, ఆ పొగకు పలాసలో ఎవరి కళ్లైనా ఎర్రబడతాయి. ఎవరైనా అడిగితే పొగ అని చెప్పొచ్చని అక్కడికే వెళ్లాను.

పెద్ద డాక్టరుగారికి చెప్పక తప్పదు కదా. ఆయన కేకలేయలేదు. వేస్తే బాగుండుననిపించింది. "ఇవాళ్టి రక్తం తీసి ఇవాళ్టి అంకె ఇవ్వగలం. రెండేళ్ల కిందటి రక్తం ఎక్కణ్ణించి తెస్తామమ్మా?" అన్నారు. బయట కూర్చున్న ఆమెకు రేపు రమ్మని చెప్పాను. "సరేనమ్మా" అని, వాచిన కాళ్లతో మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లింది.

ఇంజనీరు ఆ రోజు ఫోనుకు దొరకలేదు. మంగళవారం పొద్దున్న పదింటికి దొరికాడు. నేను చేసింది చేసినట్టు చెప్పాను. ఒక్కటే అడిగాడు.

"ఫార్మాట్ కొట్టారా?"

"లేదండీ. కొట్టబోయి ఆగాను."

అవతల గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. "బతికించారు మేడమ్. చూడండి, పార్టిషన్ టేబుల్లో ఉండేది ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందన్నది మాత్రమే. మీరు చెరిపింది ఆ రెండు లైన్లే. లోపల ఫైల్‌సిస్టమ్ ఎలా ఉన్నది అలాగే ఉంది. లేబులు ఉండేది కూడా పట్టికలో కాదు, ఆ ఫైల్‌సిస్టమ్ లోపల, దాని మొదట్లో."

నాకు సగమే తలకెక్కింది. ఫోను పక్కనే నిలబడి వింటున్న టెక్నీషియను మొత్తం చెప్పేశాడు.

"ఓస్ ఇంతేనా! తోటకి గట్టురాయి పీకీసినావు. కొబ్బరిచెట్లు ఎక్కడికి పోతాయి? రాయి మల్లా ఆ సోటనే పాతితే సరిపోద్ది. ఏ సోట అన్నదే కావాల."

ఇంజనీరు నవ్వి, "అంతే. కానీ ఆ చోటు అంగుళం తేడా రాకూడదు. కొత్త రాయి మీరు ఎక్కడ పాతారంటే, పక్కవాడి తోటలో" అన్నాడు. అంటే ఆ చిత్తుపని ముక్క మొదట్లో. అందుకే అక్కడ మిషనుకు ఏమీ కనిపించలేదు.

పాత కొలత ఎక్కడా రాసుకోలేదు. నేనూ రాయలేదు, ఆయనా రాయలేదు. ఆయన కాసేపు ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. డిస్కంతా మొదటి నుంచి చివరి దాకా చదివించి, రోగులు అనే పేరు ఎక్కడెక్కడ ఉందో, మొదట్నించీ ఎన్నో అక్షరం దగ్గరుందో రాయించమన్నాడు. లేబులు ఎప్పుడూ ముక్క మొదలైన చోటు నుంచి 1144 అక్షరాలు దాటాక ఉంటుంది. కాబట్టి దొరికిన సంఖ్యలోంచి 1144 తీసెయ్యాలి. మిగిలినదాన్ని 8225280తో భాగించాలి. డిస్కును సమానంగా గీతలు గీసి పంచుకుంటే ఒక్కో గీతకు పట్టే అక్షరాల కొలత అది, ఏ ముక్కైనా గీత దగ్గరే మొదలవుతుంది.

"శేషం సున్నా రావాలి మేడమ్. ఒక్క అంకె మిగిలినా అది కాదు, ఇంకోటి చూడండి. సున్నా వచ్చేదాకా డిస్కు మీద ఏమీ రాయొద్దు."

డిస్కంతా చదవడానికి అరగంట పైన పట్టింది. తెర మీద వరసగా లైన్లు పడ్డాయి. పాడు పేరు, ఎన్ని చోట్ల ఉందో! వాటిలో ఆ పేరు ఒక్కటే ఉన్న లైన్లను టెక్నీషియను చదువుతుంటే, పాత ల్యాబు చీటీల వెనక నేను భాగారాలు వేశాను. పంచాంగం లెక్కలు వేసే ఇంట్లో పెరిగినదాన్ని, భాగారం నాకు భయం కాదు. మొదటిదానికి శేషం వచ్చింది. రెండోదానికీ వచ్చింది. అవి చిత్తుపని ముక్కలో మిగిలిపోయిన చెత్తట, తర్వాత తెలిసింది.

"అయిదు, మూడు, నాలుగు, ఆరు, నాలుగు, నాలుగు, మూడు, నాలుగు, నాలుగు" అని మూడోది చదివాడు.

534644344. అందులోంచి 1144 తీసేస్తే 534643200. భాగించాను. అరవై అయిదు. శేషం సున్నా.

నేను నమ్మలేదు. చీటీ తిప్పి మళ్లీ మొదట్నించీ వేశాను. అరవై అయిదే. ఇప్పుడు అరవై అయిదును 8225280తో గుణించి కూడా చూశాను. టెక్నీషియను, "ఇంక సాల్లేయప్పా, అంకె అరిగిపోద్ది" అన్నాడు.

ఇంజనీరు చెప్పినట్టు నేను చేసిన ఆ ఒక్క ముక్కను కొట్టేసి, మొదటి ముక్క ఒకటో గీత నుంచి అరవై అయిదో గీత దాకా, రెండోది అరవై ఆరో గీత నుంచి చివరి దాకా చేశాను. పెద్ద డాక్టరుగారు ఎప్పుడొచ్చారో నా కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. డబ్ల్యూ నొక్కాను. లేబులుతో కాకుండా డిస్కు నంబరుతో, చదవడానికి మాత్రమే అన్న షరతుతో తెరవమన్నాను. ఏమీ అనకుండా తెరుచుకుంది. టెక్కలి బుధవారాలన్నీ వరసగా కనిపించాయి. టెక్నీషియను నా వీపు మీద ఒక్కటి చరిచాడు. అర్చకుడి కూతురినని ఆ క్షణంలో అతనికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

ఆ డిస్కుకు టెక్కలి అని కొత్త లేబులు పెట్టడానికి ఒకటే కమాండు. లోపలున్నవేవీ కదలవు, పట్టికను ముట్టుకునే పనే లేదు. ఒక్క సెకను పట్టింది. సోమవారం నాడు నేను చేయాల్సిన పనంతా అదే.

మీలో ఈ పని చేసేవాళ్లు ఉంటే మూడు మాటలు చెప్పి ఊరుకుంటాను. కొలతల పట్టికను కాగితం మీద రాసి డిస్కు మీదే అతికించండి. ఒకే పేరు రెండింటికి పెట్టకండి, అవి ఎప్పటికీ కలవవని మీకు ఎంత నమ్మకమున్నా సరే. ఏదైనా పోయిందనిపిస్తే చెయ్యి తీసేసి, తెలిసినవాళ్లు వచ్చేదాకా గొట్టం కడగకండి. ఇవన్నీ మీకు ఇంకెవరైనా కూడా చెబుతారు. నేను చెప్పాల్సింది దీని తర్వాత జరిగింది.

ఆమె పేరు మీద ఉన్నవన్నీ తేదీల వరసలో ప్రింటుకు ఇచ్చాను. మా ప్రింటరు గీరుకుంటూ ఒక్కో లైనే వేస్తుంది. 1.4. 1.5. 1.5. ఏడాది దాటాక 1.9. తర్వాత 2.3, 2.8, 3.1. ఆపైన ఒక్క నెల కూడా తగ్గలేదు. ఆఖరుది 5.2. చింపి చేతిలోకి తీసుకున్నాను. పెద్ద డాక్టరుగారు కళ్లజోడు సర్దుకుని కింది నుంచి పైకి చదివారు, మళ్లీ పై నుంచి కిందికి చదివారు.

"ఎనిమిది నెలల కిందటే ఇది మన కంటపడాల్సింది" అన్నారు.

ఎందుకు పడలేదో ఇద్దరికీ తెలుసు. టెక్కలికి ఒక్కో బుధవారం ఒక్కో డాక్టరు వచ్చేవారు. ఎవరు వచ్చినా ఆ రోజు చీటీ మీద ఆ రోజు అంకె చూసి మందు రాసేవారు, రోగి దగ్గరుండే కార్డు అడిగి చూసేవారు కాదు. కంప్యూటరు తెర మీద ఒక్కసారికి ఒక్క రోజు వివరాలే వచ్చేవి. అంతకుముందు మేం రాసిన పెద్ద రిజిస్టర్లో అలా కాదు. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. కొత్త అంకె వేయాలంటే పాత అంకెల కిందే వేయాలి. చదువురానివాడు చూసినా, పేజీలో పైనున్న అంకె వేరు, కిందున్న అంకె వేరు అని తెలుస్తుంది. దండగని ఆ పుస్తకం మాన్పించింది నేనే.

ఆ మంగళవారం సాయంత్రమే ఆమె వచ్చి కాగితం తీసుకుంది. ఈసారి బొడ్లో పెట్టుకోకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తోడొచ్చిన తమ్ముడి చేతికిచ్చింది. ఇద్దరూ స్టేషనుకు ఆటో ఎక్కారు. ఆ వారమే పుస్తకం మళ్లీ మొదలుపెట్టాం. ప్రోగ్రాము రాసినవాడి చేత, కొత్త అంకె కొట్టేచోట పాత అంకెలన్నీ కనపడేలా మార్పించాం. అంకె వేసేముందు పోయిన మూడు నెలలవీ పైకి చదవాలని నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. చదివేటప్పుడు మనిషి వంక చూడాలని కూడా పెట్టుకున్నాను. రిటైరయ్యే రోజు దాకా అది తప్పలేదు.

పది రోజులకు ఆమె విశాఖపట్నం నుంచి తిరిగొచ్చి, నేరుగా నా బల్ల దగ్గరకే వచ్చింది. ఎడమ చేతికి కట్టు ఉంది. రక్తం శుద్ధి చేసే మిషనుకు పెట్టడానికి అక్కడ నరం సిద్ధం చేశారు. కాగితం చూసిన అక్కడి డాక్టరు, ఆరేడు నెలల ముందు వచ్చి ఉంటే మందులతో, తిండితో ఇంకొన్నేళ్లు నెట్టుకొచ్చేదానివని అన్నాడట. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు జవాబు చెప్పడం తేలికయ్యేది.

"అమ్మా, నీ మిషను పోనాదనీసి ఏడ్సినావట. ఈ రక్తం తీసే బాబు సెప్పినాడు. దొరికినాది, మంచిదే. గానీ నెలనెలా నీకెదురుగానే కూకున్నాను గదమ్మా. అంకె పెరిగిపోతన్నాదని ఒక్కపాలి సెప్పనేకపోనావేటి?"

"నేను చూడలేదమ్మా" అన్నాను.

ఆమె కట్టున్న చేతిని నా బల్ల మీద పెట్టింది.

"రాసింది నువ్వే గదా" అంది.

అవును. రాసింది నేనే.